కత్సురా విల్లా: గడప దాటకుండా చూస్తే చూసినట్టేనా?

దేశదిమ్మరి:
మొన్న అమ్మానాన్నలతో జపాన్‌లోని క్యోటో వెళ్లాం. అక్కడ తోట, టీ ఇళ్లు ఉన్న పాత రాచవిడిది కత్సురా విల్లా చూడాలన్న పట్టు నాదే. 17వ శతాబ్దంలో తోషిహితో అనే రాకుమారుడు మొదలుపెడితే కొడుకు తోషితద పూర్తి చేశాడు. పెద్దవాళ్లకు టికెట్ 1000 యెన్లు (2018 నవంబరు దాకా ఉచితమే). గైడుతో దాదాపు గంట నడక. కానీ ఏ ఇంట్లోకీ అడుగు పెట్టనివ్వరు. ముందు గైడు, వెనక గార్డు, మధ్యలో మనం. అదే నిక్కో ఊళ్లోని తమోజావా అనే ఇంకో రాచవిడిదిలో బూట్లు విప్పి హాయిగా లోపలంతా తిరిగాం. బయటినుంచి చూపించి పంపేయడం న్యాయమేనా? మీరేమంటారు?

ఒసాకా కోడలు:
న్యాయమేనండీ. అక్కడ అసలు సంగతి తోట. ఇల్లు ఆ తోటను చూడటానికి వేసుకున్న అరుగు, అంతే. మొదట్లోనే చెరువు కనపడకుండా ఒక చిన్న పైన్ చెట్టు అడ్డంగా ఉంటుంది, గమనించారా? కావాలనే పెట్టారు. నాలుగడుగులు వేస్తే నీళ్లు కొంచెం కనిపిస్తాయి, మలుపు తిరిగితే అవి పోయి వంతెన వస్తుంది. దాచి దాచి చూపించే చోట జనాన్ని ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే అందరూ ఫొటో బాగా వచ్చే ఒక్క చోటే గుమిగూడతారు. ఇక తోటలో నేలంతా పరుచుకున్న నాచు గతి చెప్పక్కర్లేదు. పెద్ద భవనాలను 1976 నుంచి 1982 దాకా విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ నిలబెట్టారు. అంత కష్టపడ్డాక రోజూ వందల కాళ్లను ఎక్కనిస్తారా?

మెట్రో మావయ్య:
ఇల్లు తోటను చూసే అరుగని మీరే అన్నారు కదమ్మా. మరి ఆ అరుగే ఎక్కనివ్వకపోతే ఎలా? రాకుమారుడి అతిథులు భవనం ముందున్న వెదురు అరుగు మీద కూర్చునే చంద్రుణ్ణి చూశారు. మనం తోటలో నిలబడి ఇంటిని చూస్తున్నాం. తలకిందులు వ్యవహారం! తమోజావా చూడండి. 1899లో యువరాజు కోసం, అంటే తర్వాతి తైషో చక్రవర్తి కోసం కట్టారు. టోక్యోలో ఉన్న, ఒకప్పటి పాలకులు తోకుగావా వంశంలో 'కీ' శాఖ వాళ్ల పాత ఇంటి భాగాన్ని విప్పి తెచ్చి కలిపారు. 106 గదులు, అందులో బిలియర్డ్స్ ఆడుకునే గది కూడా! 2000లో మ్యూజియంగా తెరిచారు. సాక్సులతో చెక్క వసారాలో నడుస్తూ అద్దాల తలుపుల్లోంచి తోట చూస్తే, అక్కడ బతికినవాళ్లు ఏం చూశారో మనకీ తెలుస్తుంది.

ఒసాకా కోడలు:
1899 నాటి ఇల్లూ, 17వ శతాబ్దంలో టీ వేడుకల కోసం కట్టిన ఇల్లూ ఒకటేనా మావయ్యగారూ? తమోజావా తోటలో నాకు గుర్తున్నది ఆ ముసలి చెర్రీ చెట్టొక్కటే. కత్సురాలో షోకిన్‌తే టీ ఇంట్లో నీలం, తెలుపు గళ్ల కాగితం బయటినుంచే కనిపిస్తుంది. నిన్ననో మొన్ననో ఎవరో అతికించినట్టుంటుంది. అది చాలదా?

కొండపల్లి బొమ్మ:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. గొడవ గడప గురించి కాదు, తీరిక గురించి. క్యోటోలోనే అరషియామా అనే చోట ఓకోచి సన్సో అని ఒక విల్లా ఉంది. సినిమా నటుడు ఓకోచి దెంజిరో 30 ఏళ్లు పెంచుకున్న తోట. అక్కడా ఇళ్లలోకి పంపరు. అయినా ఎవరికీ వెలితి అనిపించదు, ఎందుకంటే తొందరపెట్టేవాళ్లు లేరు. ఆయన ఫొటోలు చూసుకుని, టికెట్‌లోనే వచ్చే మచ్చా (గ్రీన్ టీ పొడితో చేసే టీ) తాగి, క్యోటో ఊరంతా కనిపించే చోట ఎంతసేపైనా కూర్చోవచ్చు. కత్సురాలో కూడా మధ్యలో ఓ పావుగంట వదిలేస్తే సగం పేచీ తీరిపోతుంది.

దేశదిమ్మరి:
పావుగంట ఐడియా నాకు ఓకే. కోడలుగారూ, పైన్ చెట్టును నిజంగానే గమనించలేదు. ఇప్పుడు ఫొటోల్లో వెతికితే నాన్న భుజం వెనక సగం కనపడింది. అమ్మకు మాత్రం ఇల్లూ గుర్తులేదు, చెరువూ గుర్తులేదు. దారిలో నల్లతాడుతో కట్టి పెట్టిన గుండ్రాయి ఒకటుంది, ఇటు రావద్దని గుర్తట. "బోర్డు లేదు, అరుపు లేదు, చూడు" అని తెగ మురిసిపోయింది. ఇంటికొచ్చాక తులసికోట ముందు అలాంటిదే కట్టి పెట్టింది. పనమ్మాయి రోజూ దాన్ని పక్కకు జరిపి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెడుతోంది.