మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లకి డబ్బులేమైనా ఇస్తారా?

ప్రశ్న (గాజువాక నుంచి)

మా ఆయనది సెంట్రింగ్ పని. పోయినేడు కూర్మన్నపాలెం దగ్గర ఒక కట్టుబడిలో రెండో అంతస్తు నుంచి పడిపోయారు. నడుం కింద నుంచి స్పర్శ లేదు. ఉంటే మంచం, లేకపోతే చక్రాల కుర్చీ. సదరం (డాక్టర్లు వైకల్యం చూసి సర్టిఫికెట్ ఇచ్చేది) లో 90 శాతం రాశారు, నెలకి 6,000 పెన్షన్ వస్తోంది. నేను జగదాంబ దగ్గర బట్టల షాపులో చేసేదాన్ని, మానేశాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడిపోతాయి, ఇంకెవరున్నారు చూడ్డానికి?

చూసుకునేవాళ్లకి కూడా గవర్నమెంటు డబ్బులిస్తుందని మా వీధిలో ఒకావిడ ఫోన్లో చూసిందట. వార్డు సచివాలయంలో అడిగితే ఆ అబ్బాయి నవ్వీసాడు. ఉందా లేదా? ఇంకో మాట. పక్క వార్డులో ఒకాయనకి 15,000 వస్తోంది. మాకెందుకు రాదు?

పెందుర్తి నుంచి

చెల్లీ, ముందు చేదు మాట చెప్పేస్తాను. మన రాష్ట్రంలో చూసుకునే మనిషి పేరు మీద నెలనెలా వచ్చే పెన్షన్ లేదు. మీ వీధావిడ చూసింది కేరళదో లండన్‌దో అయ్యుంటుంది. కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకి 600 ఇచ్చే పథకం ఉంది. బ్రిటన్‌లో అయితే వారానికి 35 గంటలు చూసుకుంటేనే లెక్కలోకి తీసుకుంటారు. మీరు 35 గంటలు రెండ్రోజుల్లో చేసేస్తున్నారు, అది వేరే సంగతి.

మనకి ఏదొచ్చినా మీ ఆయన పేరునే రావాలి. అందుకని 15,000 సంగతి గట్టిగా పట్టుకోండి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పెన్షన్ పథకంలో నెలకి వృద్ధులకి, వితంతువులకి 4,000, దివ్యాంగులకి 6,000. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్లు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లు, ప్రమాదాల్లో పూర్తిగా మంచాన పడ్డవాళ్లు, వీళ్లది 15,000. అది వేరే కేటగిరీ. దాన్ని హెల్త్ పెన్షన్ అంటారు. మీ ఆయన్ని మామూలు దివ్యాంగుల కింద ఎక్కించేసి ఉంటారు. శాతం ఎక్కువుందని కేటగిరీ దానంతటదే మారదు.

సర్టిఫికెట్ తీసి ఓసారి చదవండి. 90 అంకె ఒక్కటే చూడొద్దు. చక్రాల కుర్చీకే పరిమితం అని కారణం రాశారా, శాశ్వతం అని ఉందా, తాత్కాలికం అని ఉందా? మా అన్నయ్యకి తాత్కాలికం అని రాశారు, మేం చూసుకోలేదు. గడువయ్యాక మళ్లీ బోర్డు ముందుకి మోసుకెళ్లాం. అప్పుడు ఆటోకి అడిగిన డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత వార్డు వెల్ఫేర్ సెక్రటరీకి కేటగిరీ మార్చమని కాగితం మీద రాసివ్వండి. నోటిమాటకి విలువ లేదు. ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్టు జెరాక్సులు జతచెయ్యండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. 1100కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు.

ఒక హెచ్చరిక. 2025 జనవరి నుంచి 15,000 వాళ్లందరినీ డాక్టర్లు ఇళ్లకొచ్చి మళ్లీ చూశారు. కొందరిని 6,000కి దించేశారు కూడా. మీ కేసు నిజమైనదే, భయం లేదు. కానీ కాగితాలన్నీ ఒకే సంచీలో ఉంచండి.

గోపాలపట్నం నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్న పెన్షన్ దరఖాస్తు, ఇంట్లో కరెంటు నెలకి 300 యూనిట్లు దాటిందని వెనక్కొచ్చింది. మాది అద్దిల్లు, ఒక గది. అన్ని యూనిట్లు ఎలగ కాలుస్తాం?

పెందుర్తి నుంచి

తమ్ముడూ, ఆధార్ ఇంటాయన మీటరుకో, ఇదివరకు ఖాళీ చేసిన ఇంటి మీటరుకో తగులుకుని ఉంటుంది. ఏ సర్వీసు నంబరు చూపిస్తోందో సచివాలయంలో అడిగి రాయించుకో. అది పట్టుకుని కరెంటు ఆఫీసులో ఆధార్ విడగొట్టించుకో. ఆదాయం (నెలకి ఊళ్లో 10,000, టౌనులో 12,000 లోపు), భూమి, కారు, ఇన్‌కంటాక్సు ఇవన్నీ కంప్యూటరు చూసుకుంటుంది. అక్కడున్న కుర్రాడితో గొడవపడి లాభం లేదు.

కంచరపాలెం నుంచి

గాజువాక అమ్మా, అందరూ పెన్షనే అంటున్నారు, అసలు సంగతి ఎవరూ అడగలేదు. ఆయన పనిలో పడ్డారు కదా. మేస్త్రీ ఏమైనా ఇచ్చాడా?

ప్రశ్న వేసినావిడ

ఆసుపత్రికి 40 వేలు కట్టాడండి. తర్వాత ఫోను ఎత్తడం లేదు. కూలీ మనిషికి కాగితాలేం ఉంటాయి?

కంచరపాలెం నుంచి

కాగితం లేకపోయినా కూలీ కూలీయే. పనిలో దెబ్బ తగిలితే పని ఇచ్చినవాడు పరిహారం కట్టాలని 1923లోనే చట్టం వచ్చింది, 2025 నవంబరు నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పూర్తిగా పని చెయ్యలేని స్థితికొస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసు లెక్కతో హెచ్చిస్తారు. పాత చట్టంలో ఎంత తక్కువన్నా 1,40,000కి తగ్గకూడదని ఉండేది. ఆయనకి ముప్పై అయిదో నలభయ్యో ఉంటే దానికి ఎన్నో రెట్లవుతుంది. మేస్త్రీ ఒక్కడే కాదు, బిల్డరు కూడా బాధ్యుడు. పరిహారం అర్జీ పెట్టడానికి పడిన రోజు నుంచి రెండేళ్లు దాటనివ్వకండి, అదే ముఖ్యం.

లాయరు ఫీజు గురించి దిగులుపడకండి. ఆడవాళ్లకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆయనతో పని చేసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఇవాళే రాసి పెట్టుకోండి. సెంట్రింగోళ్లు సైటు మారితే మళ్లీ దొరకరు. ఆయనకి భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే అది కూడా వెతకండి.

మధురవాడ నుంచి

యూడీఐడీ కార్డు, అదే దివ్యాంగుల గుర్తింపు కార్డు, తీసుకున్నారా? 80 శాతం, ఆపైన ఉన్నవాళ్లకి నీలం రంగు కార్డొస్తుంది. రైలు రాయితీకి కూడా అడుగుతారు. ఇంకోటి, అయిదు వేలిస్తే 15,000 చేయిస్తామని ఎవరైనా ఇంటికొస్తే తలుపు వేసెయ్యండి. మా పిన్ని ఇచ్చింది, వాడు మళ్లీ కనపడలేదు.

ప్రశ్న వేసినావిడ

సర్టిఫికెట్ ఇప్పుడే తీశాను. శాశ్వతం అనే ఉంది అన్నయ్యా. చక్రాల కుర్చీ మాట మాత్రం లేదు, కాళ్ల వైకల్యం అని రాసేశారు. సోమవారం మా అత్తని ఆయన దగ్గర కూర్చోబెట్టి కలెక్టరేట్‌కి వెళ్తాను. బస్సు ఎలాగూ ఆడవాళ్లకి ఫ్రీయే. ఆయనతో స్లాబు మీద ఉన్న కుర్రాడు శ్రీకాకుళం వెళ్లిపోయాడట, వాళ్లమ్మ నంబరు దొరికింది. సాయంత్రం చేస్తాను.