‘ఎదురుపడితే’ అన్న పాటను హోల్డెన్ ఎట్లా విన్నాడు?

ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థిని, తిరుపతి:

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక పాట చరణం గురించి అడగాలి. ఈ సెమిస్టర్‌లో మాకు శాలింజర్ రాసిన ‘ది క్యాచర్ ఇన్ ద రై’ ఉంది. 1951లో వచ్చిన అమెరికన్ నవల. హోల్డెన్ కాల్‌ఫీల్డ్ అనే పదహారేళ్ల కుర్రాణ్ణి బడి నుంచి తీసేస్తారు. అది అతనికి నాలుగో బడి. ఆ సంగతి ఇంట్లో తెలిసేలోపు న్యూయార్క్‌లో ఒంటరిగా తిరిగి, తర్వాత ఎక్కడో చికిత్స తీసుకుంటూ ఆ తిరుగుడంతా మనకు చెబుతాడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మా క్లాసువాళ్లకు ముఖ్యమైన ఘట్టాలు తెలుగులో చెప్పే పని నా మీద పడింది.

చిక్కంతా పుస్తకం పేరు దగ్గరే. ‘రై చేలో పట్టుకునేవాడు’ అని దానర్థం. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పాట ఒకటుంది. రై చేలో నడిచి వస్తూ ఒక మనిషికి ఇంకో మనిషి ఎదురుపడితే, అని అందులో ఒక చరణం ఉంది. హోల్డెన్ మనసులో అది ‘పట్టుకుంటే’ అయి కూర్చుంది. పదేళ్ల చెల్లెలు ఫీబీ, ‘అసలు నువ్వు ఏమవుదామనుకుంటున్నావు?’ అని నిలదీసినప్పుడు ఈ పాట ఎత్తుతాడు. అది పట్టుకోవడం కాదు, ఎదురుపడడం అని ఫీబీ వెంటనే సరిదిద్దుతుంది. అయినా అతను ఆగడు. పెద్ద చేను, వేలమంది పిల్లలు ఆడుకుంటుంటారు, పక్కనే లోయ, చూసుకోకుండా అటు పరిగెత్తుకొచ్చిన వాళ్లను నేను పట్టుకుంటాను, రోజంతా నాకదే పని అంటాడు.

ఇంగ్లిష్‌లో ‘మీట్’ పోయి ‘క్యాచ్’ వస్తుంది, ఒక్క మాటే మారుతుంది, తాళం చెడదు. తెలుగులో ‘కలిస్తే’, ‘పట్టుకుంటే’ అని పెడితే రెండింటికీ పోలికే లేదు. ఎవరూ ఒకదాన్ని ఇంకొకటిగా వినరు. వినడంలో పొరపాటు జరిగిందంటే నమ్మేట్టుగా ఉండే జత ఏదైనా చెప్పగలరా?

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు:

ముందు పంట సంగతి తేల్చు తల్లీ. రై అంటే గోధుమ లాంటిదే, కాకపోతే ఇంకా ఎత్తు పెరుగుతుంది. మా వైపు శెనిక్కాయ చేలో పిలకాయల్ని వదిలితే తలకాయలన్నీ పైకే కనబడతాయి, ఇంక పట్టుకునేవాడు ఎందుకు? చెరుకు తోట అంటావా, ఆకు కోసుకుపోతుంది, ఆడుకునే చోటు కాదు. జొన్న చేను అని రాయి. అంచు కనబడని ఎత్తులో ఉండాలి పైరు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, మదనపల్లె:

అమ్మా, నువ్వు అడిగిన జత మన క్రియల్లోనే ఉంది. ‘పడు’ ధాతువుకు ‘పడితే’. ‘పట్టు’ ధాతువుకూ వాడుకలో ‘పడితే’నే. వలేసి చేపలు పడతాడు, బిందెతో నీళ్లు పడతాడు, గొడుగు పడతాడు. కాలు జారి కిందా పడతాడు. జరిగిపోయిన కాలంలో విడిపోతాయి: పట్టాడు, పడ్డాడు. జరగబోయేదాంట్లో, చేదర్థకంలో, అంటే ‘చేస్తే’, ‘వస్తే’ లాంటి షరతు రూపంలో, రెండింటికీ ఒకటే రూపం. పైగా ‘ఎదురుపడితే’లోనూ ఉన్నది ఆ ‘పడు’నే. అందుకని ఇట్లా పాడి చూడు:

జొన్న చేలో నడిచి వస్తూ ఒకరికొకరు ఎదురుపడితే

అనేది అసలు పాట అనుకుందాం. మీ కుర్రాడి చెవికి అది,

జొన్న చేలో నడిచి వస్తూ ఒకరినొకరు ఒడిసిపడితే

అని తగిలింది. ‘ఎదురు’ మూడు లఘువులు, ‘ఒడిసి’ కూడా మూడు లఘువులే. తాళం ఎక్కడా తప్పదు.

ఎం.ఏ. విద్యార్థిని:

మాస్టారూ, ఇంతకన్నా ఏం కావాలి! హోల్డెన్ కలలో ఉన్నది పడడం, పట్టడం ఈ రెండే కదా. రెండూ ఒకే మాటలోకి వచ్చేశాయి.

జూనియర్ కాలేజీ లెక్చరర్, తిరుపతి:

సంబరపడే ముందు ఒక్కమాట. చేపల్ని ‘పడితే’ అంటాం గానీ, పడిపోయే పిల్లాణ్ణి ‘పడితే’ అని మా ఇంటర్ పిల్లలెవరూ అనరు. ‘పట్టుకుంటే’ అంటారు. ఇంక ‘ఒడిసిపడితే’ అన్నది ఆ వయసువాడి నోట్లో పుస్తకం చదివినట్టు ఉంటుంది. హోల్డెన్ భాషంతా వీధి భాష. మాటమాటకీ ఒట్టేస్తాడు, తిడతాడు, చెప్పిందే చెబుతాడు. నాలాంటి అబద్ధాలకోరు ఇంకొకడుండడని తనే చెప్పుకుంటాడు, మళ్లీ నిజం చెబుతున్నా అంటాడు. వాడికి పండితుల తెలుగు అంటగట్టకండి.

మాస్టారు:

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని అనను గానీ, ఆ చరణం హోల్డెన్ సొంత మాట కాదు కదా బాబూ. బర్న్స్ పాట ఉన్నది స్కాట్స్ భాషలో. పద్దెనిమిదో శతాబ్దపు పాట ఆ కుర్రాడికి కూడా పాతదే. పాటలో పాత మాట ఉంటేనే కదా తప్పుగా వినేది. చుట్టూ ఉన్న మాటలు మాత్రం నువ్వన్నట్టు వాడుకలోనే ఉండాలి, ఒప్పుకుంటాను.

చిత్తూరు సభ్యుడు:

వాడుక అంటే గుర్తొచ్చింది. మా యాసలోనే రాయకూడదా? రచయిత నామిని కథలు ‘పచ్చనాకు సాక్షిగా’లో పిల్లోడు మా జిల్లా మాటలే కదా మాట్లాడేది.

లెక్చరర్:

అన్నా, నామిని పిల్లోడి చుట్టూ ఊరుంది. అమ్మ, అయ్య, బడి, బర్రెగొడ్లు. ఆ యాస ఊరందరిదీ. హోల్డెన్ భాష వాడి వయసుది, ఊరిది కాదు. మన్‌హట్టన్‌లో డబ్బున్న ఇంటి పిల్లాడు. మన యాస పెడితే వాడి ఒంటరితనం పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ తప్పు హోల్డెన్‌దేనని అందరూ ఎందుకు అనేస్తున్నారు? ఫీబీతో మాట్లాడ్డానికి ముందే పుస్తకంలో ఈ పాట ఒకసారి వస్తుంది. ఆదివారం రోడ్డు మీద నడుస్తుంటే, చర్చి నుంచి వస్తున్నట్టున్న ఒక కుటుంబం అతనికి కనబడుతుంది. ఆరేళ్ల పిల్లాడు ఫుట్‌పాత్ మీద కాకుండా, దాని పక్కనే రోడ్డు మీద నడుస్తూ తన లోకంలో తను పాడుకుంటున్నాడు. ‘పట్టుకుంటే’ అనే పాడుతున్నాడు. పక్కన కార్లు దూసుకుపోతున్నాయి, బ్రేకులు కీచుమంటున్నాయి, అమ్మానాన్నలు పట్టించుకోవడం లేదు. హోల్డెన్‌కు అది చూసి దిగులు కొంచెం తగ్గుతుంది.

మరి తప్పు పాడింది ఆ పిల్లాడా, తప్పు విన్నది హోల్డెనా? మనకు తేల్చుకునే దారి లేదు, చెప్పేవాడు అతనొక్కడే. మార్కెట్‌లో దొరికే గైడుల్లో ‘నమ్మలేని కథకుడు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మా దగ్గరికొచ్చే పిల్లలు దాన్నే బట్టీ పట్టి ‘హోల్డెన్ అబద్ధాలాడతాడు’ అని రాస్తారు. అబద్ధం ఆడడం వేరు, తనకు కావాల్సినట్టు వినబడడం వేరు. కార్ల మధ్య నడుస్తున్న పిల్లాణ్ణి చూస్తున్నవాడికి ‘పట్టుకుంటే’ అని వినబడిందంటే నాకు వింతేమీ లేదు.

ఎం.ఏ. విద్యార్థిని:

సార్, ఇది నాకు తట్టనే లేదు. దీనికి ఇంకొకటి కలపొచ్చేమో చూడండి. పాటలో ఉన్నది ఎదురుపడడం. ఈ పుస్తకం మొత్తంలో హోల్డెన్‌కు చేతకానిది కూడా అదే. పాత స్నేహితురాలు జేన్‌కు ఫోన్ చేయాలనుకుంటాడు, మూడ్ లేదంటాడు. చేసినప్పుడు వాళ్లమ్మ ఎత్తితే పెట్టేస్తాడు. ఇంకో స్నేహితురాలు శాలీని పిలిచి ఆమెతోనే గొడవ పడతాడు. చెరువు గడ్డకట్టాక బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీవాళ్లను అడిగి చిరాకు పెడతాడు. ఎవరికి ఎదురుపడినా చివరికి చెడిపోతుంది. ఎదురుపడితే అవతలి మనిషి కూడా ఏదో ఒకటి అడుగుతాడు కదా. పట్టుకునేవాడికి ఆ బాధ లేదు. పిల్లాణ్ణి పట్టుకుని వెనక్కి పంపేస్తే సరి.

అదీగాక బర్న్స్ పాట సరసం పాట. చేలో ఎదురుపడ్డ ఇద్దరు ముద్దు పెట్టుకుంటే ఎవరైనా ఏడవాలా అని అడుగుతుంది. హోల్డెన్ చేలో ముద్దులు లేవు, పెద్దవాళ్లే లేరు, అతను తప్ప.

లెక్చరర్:

బాగా చెప్పావమ్మా. ఇంకొకటి కూడా చూడు. ఆ చేను కల చెప్పడానికి కాస్త ముందే హోల్డెన్‌కు జేమ్స్ కాజిల్ గుర్తొస్తాడు. పాత బడిలో తోటి పిల్లలు వేధిస్తే, అన్న మాట వెనక్కి తీసుకోనని కిటికీలోంచి దూకేసిన పిల్లాడు. ఒంటి మీద ఉన్నది హోల్డెన్ అరువిచ్చిన స్వెటర్. ఆ వెంటనే గుర్తొచ్చేది తమ్ముడు ఆలీ, లుకేమియాతో పోయాడు. అప్పుడు హోల్డెన్‌కు పదమూడేళ్లు, ఆ రాత్రి గ్యారేజీ అద్దాలన్నీ చేత్తో పగలగొట్టాడు. వీళ్లిద్దరి తర్వాతే చేను. నువ్వు క్లాసులో చెప్పేటప్పుడు చేనును ఒక్కదాన్నే విడదీసి చెబితే అందమైన ఊహలాగా ఉంటుంది. ఈ వరసలో చెప్పు, అప్పుడు పిల్లలకే తెలుస్తుంది.

మాస్టారు:

నేను నవల చదవలేదు. మీ ఇద్దరి మాటలు విన్నాక ‘ఒడిసిపడితే’ మీదే నాకు అనుమానం వస్తోంది. ఒడిసిపట్టడంలో చెయ్యి తిరిగిన ఒడుపు ఉంది. ఈ కుర్రాడికి ఆ ఒడుపు ఉన్నట్టు లేదే?

ఎం.ఏ. విద్యార్థిని:

ఒడుపు లేదు మాస్టారూ, ఉందని కల మాత్రం కంటాడు. అందుకని ఆ మాటే ఉంచుతాను. ఇంకొక్క వాక్యం మిగిలింది. చివర్లో ఫీబీ రంగులరాట్నం ఎక్కి, బంగారు ఉంగరం అందుకోవాలని గుర్రం మీంచి పక్కకు వంగుతుంది. పడుతుందేమోనని భయమున్నా హోల్డెన్ ఏమీ అనడు. పిల్లలు పడితే పడతారు, మనం వారించకూడదు అనుకుంటాడు. ఇక్కడ కూడా ‘పడితే పడతారు’ అనే రాయనా?

లెక్చరర్:

‘కింద పడితే పడనీ’ అని రాయి. లేకపోతే మాస్టారి లెక్కన ‘ఉంగరం పడితే పడతారు’ అని చదివేవాళ్లుంటారు.

మాస్టారు:

చదవనీ బాబూ. ఉంగరం కోసమే కదా ఆ పిల్ల వంగింది. ‘కింద’ అక్కర్లేదు.