ఒకే సెల్, ఒకే ప్రవాహం: అయినా అల్యూమినియం రేకులు ఎందుకు దూరం జరిగాయి?

ప్రశ్న

ఒకే దిశలో విద్యుత్ ప్రవహించే సమాంతర తీగలు ఆకర్షించుకుంటాయనీ, ఎదురెదురు దిశల్లో ప్రవహిస్తే వికర్షించుకుంటాయనీ చదివి, కళ్లారా చూద్దామని ఒక చిన్న ప్రయోగం చేశాను. 20 సెంటీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు గల రెండు పలుచని అల్యూమినియం రేకులను 5 మిల్లీమీటర్ల ఎడంతో వేలాడదీసి, కింది చివరలను ఒకదానితో ఒకటి కలిపి, పై చివరలను 1.5 వోల్టుల సెల్ రెండు ధ్రువాలకు తాకించాను. రెండింటిలోనూ ప్రవహించేది ఒకే విద్యుత్తు కాబట్టి అవి దగ్గరకు వస్తాయని అనుకుంటే, తాకించిన ప్రతిసారీ మధ్యలో ఉబ్బి దూరం జరిగాయి.

దీనికంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. తీగల్లో కదిలేవి ఎలక్ట్రాన్లు, అవన్నీ ఋణావేశాలే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటున్నప్పుడు, ఒకే దిశలో నడిచే ఎలక్ట్రాన్లున్న తీగలు అసలు ఎందుకు ఆకర్షించుకోవాలి?

సమాధానం 1

మీ ప్రయోగం సరిగానే జరిగింది. కింది చివరలు కలిపారు కాబట్టి ప్రవాహం ఒక రేకులో కిందికి దిగి, రెండో రేకులో పైకి ఎక్కుతోంది; అంటే మీరు చూసినది ఎదురెదురు ప్రవాహాల వికర్షణే. ఆకర్షణ చూడాలంటే పై చివరలు రెండింటినీ ఒక ధ్రువానికీ, కింది చివరలు రెండింటినీ మరో ధ్రువానికీ కలపండి. ఒకటి రెండు సెకన్లకు మించి తాకించి ఉంచకండి, సెల్ వేడెక్కిపోతుంది.

బలం ఎంత ఉంటుందో లెక్క వేయడం సులభం. రెండు ప్రవాహాల లబ్ధాన్ని మధ్య దూరంతో భాగించి, 2×10⁻⁷తో గుణిస్తే మీటరు పొడవుకు న్యూటన్లలో బలం వస్తుంది. మీ రేకుల్లో సుమారు 5 ఆంపియర్లు ప్రవహించాయనుకుంటే 20 సెంటీమీటర్ల పొడవుపై బలం 2×10⁻⁴ న్యూటన్లు, అంటే దాదాపు 20 మిల్లీగ్రాముల బరువు. 16 మైక్రాన్ల మందం గల అటువంటి రేకు బరువు 43 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. తన బరువులో దాదాపు సగం బలం పక్కనుంచి నెడితే రేకు ఉబ్బడంలో వింత లేదు. అదే మందపాటి రాగి తీగ అయితే కదిలిన జాడ కూడా కనిపించేది కాదు.

ఎలక్ట్రాన్ల దిశ తీసుకోవాలా, ధన ధ్రువం నుంచి ఋణ ధ్రువానికి అని చెప్పుకునే సంప్రదాయ ప్రవాహ దిశ తీసుకోవాలా అని ఇక్కడ చాలామంది తడబడతారు. రెండు తీగల్లోనూ దిశను ఒకేసారి తిప్పితే ఫలితం మారదు కాబట్టి ఏది తీసుకున్నా ఒకటే.

సమాధానం 2

రెండో సందేహానికి నేను జవాబు చెబుతాను. తీగలో ఎలక్ట్రాన్లు మాత్రమే లేవు, వాటి ఆవేశానికి సరిసమానమైన ధనావేశంతో కదలని అయాన్లు కూడా ఉన్నాయి. అందువల్ల తీగ మొత్తం మీద తటస్థం. ఎలక్ట్రాన్ల మధ్య ఉండే విద్యుత్ వికర్షణను అయాన్ల ఆకర్షణ పూర్తిగా రద్దు చేస్తుంది. కదలిక వల్ల పుట్టే అయస్కాంత బలం మాత్రం రద్దు కాకుండా మిగిలిపోతుంది, ఎందుకంటే అయాన్లు కదలడం లేదు.

ఆ రద్దయిన బలం ఎంతటిదో ఊహించడం కూడా కష్టమే. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యం గల రాగి తీగలో, మీటరు పొడవులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల ఆవేశం సుమారు 13,600 కూలుంబులు. అటువంటి రెండు తీగలు మీటరు దూరంలో ఉండి, అయాన్లే లేకపోతే, మీటరు పొడవుకు వికర్షణ దాదాపు 3.3×10¹⁸ న్యూటన్లు ఉండేది. ఒక ఆంపియర్ ప్రవహించేటప్పుడు ఎలక్ట్రాన్ల సగటు వేగం సెకనుకు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే దాదాపు 6×10⁻²⁶ వస్తుంది; విద్యుత్ వికర్షణలో అయస్కాంత బలం ఎన్నో వంతో చెప్పేది ఇదే. ఆ వికర్షణను దీనితో గుణిస్తే 2×10⁻⁷ న్యూటన్లు. 1948 నుంచి 2019 మే 20 వరకు ఆంపియర్‌ను నిర్వచించిన సంఖ్య సరిగ్గా ఇదే. నత్తకంటే నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్ల అయస్కాంత బలం మనకు కనిపిస్తోందంటే, వాటి సంఖ్య అంత పెద్దది కావడమే కారణం.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టు మార్చి కలిపితే రేకులు ఒకదానివైపు ఒకటి వంగి అతుక్కున్నాయి. ధన్యవాదాలు. అయాన్ల తోడు లేకుండా శూన్యంలో రెండు ఎలక్ట్రాన్ పుంజాలు పక్కపక్కనే ఒకే దిశలో సాగితే ఏమవుతుంది?

సమాధానం 2

వికర్షించుకుంటాయి. అయస్కాంత ఆకర్షణ అక్కడా ఉంటుంది గాని, కాంతి వేగంలో పదోవంతు వేగంతో వెళ్తున్నా అది విద్యుత్ వికర్షణలో నూరోవంతే. వేగం పెరిగేకొద్దీ రెండింటి మధ్య తేడా తగ్గుతుంది, ఎన్నటికీ సమం కాదు. ఆ ఎలక్ట్రాన్లతో పాటే ప్రయాణించే పరిశీలకుడికి అవి నిశ్చలంగా కనిపిస్తాయి కాబట్టి వికర్షణ ఒక్కటే ఉంటుంది. అతనికి దూరం జరిగే పుంజాలు మనకు దగ్గరకు రావడం సాధ్యం కాదు.

సమాధానం 3

పై లెక్కలు చూసి ఈ బలం ఎప్పుడూ స్వల్పమేనని ఎవరూ అనుకోకూడదు. రెండు తీగల్లోనూ ప్రవాహం పది రెట్లయితే బలం నూరు రెట్లవుతుంది. సబ్‌స్టేషన్‌లో 20 సెంటీమీటర్ల ఎడంతో ఉన్న రెండు బస్‌బార్లలో (భారీ విద్యుత్తును మోసే లోహపు పట్టీలలో) షార్ట్ సర్క్యూట్ వల్ల ఒక క్షణంపాటు 50,000 ఆంపియర్లు ప్రవహిస్తే, మీటరు పొడవుకు 2,500 న్యూటన్లు, అంటే సుమారు 250 కిలోల బరువుతో సమానమైన బలం వాటిని నెడుతుంది. బస్‌బార్లు వంగిపోకుండా, ఇన్సులేటర్లు విరగకుండా ఉండాలంటే ఆధారాలను ఎంత దగ్గరగా అమర్చాలో ఈ లెక్కతోనే తేలుస్తారు. ఏకాంతర ప్రవాహంలో దిశ మారుతూ ఉంటుంది కదా అన్నా ఉపశమనం లేదు: ఒకదానిలో వెళ్లి మరోదానిలో తిరిగివచ్చే ప్రవాహం రెండింటిలోనూ ఒకేసారి తిరగబడుతుంది కాబట్టి బలం వికర్షణగానే ఉండి, 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు సున్నాకు పడి మళ్లీ గరిష్ఠానికి లేస్తుంది.