నా గ్రహాంతర జలచరం రెక్క నీటిని నెట్టినట్టు కనిపించడం లేదు

బృహస్పతి చందమామ యూరోపా మంచు కింది సముద్రంలో జరిగే చిన్న గేమ్ కోసం ఒక జీవిని గీసి, బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిగ్ చేశాను, అంటే కదిలించడానికి లోపల బోన్ల (ఎముకల్లాంటి ముక్కల) చట్రం పెట్టాను. అక్కడ చీకటే కాబట్టి కళ్ళు పెట్టలేదు. దక్షిణ అమెరికా నదుల్లోని నైఫ్‌ఫిష్‌లా విద్యుత్ క్షేత్రంతో దారి వెతుక్కుంటుంది. ఆ చేపకు మల్లే ఒళ్ళు వంచదు, కడుపు కింది పొడవాటి రెక్క ఒక్కటే అలలా కదులుతుంది.

తంటా అంతా ఆ రెక్కతోనే. గాలికి ఊగే చీర అంచులా ఉంది. రెక్క 4 మీటర్లు. ఒంటికి అతికే చోట ఒక వరుస, బయటి అంచున ఒక వరుస, ఒక్కో వరుసలో 24 బోన్లు. ఒకేసారి 2 అలలు, సెకనుకు ఒక సైకిల్. అంటే అల వేగం సెకనుకు 2 మీటర్లు, ఈత వేగం 1.5. అల తల నుంచి తోక వైపే పోతోంది, చూసుకున్నాను.

సైకిల్ నెమ్మది చేస్తే జీవి నీరసంగా తయారైంది. అంచు బోన్లను 3 ఫ్రేములు (సెకనుకు 30 ఫ్రేముల లెక్కన) ఆలస్యం చేశాక కాస్త నయం, అంతే. క్లాత్ సిమ్యులేషన్ (రెక్కను గుడ్డలా సాఫ్ట్‌వేరే కదిలించడం) సంగతి చెప్పక్కర్లేదు, రెక్క ఒంట్లోంచి దూసుకుపోయింది.

నీటి బరువు తెలియాలంటే అల ఎత్తు రెక్క పొడవునా ఒకేలా ఉంచాలా, మధ్యలో పెంచి రెండు చివర్లా తగ్గించాలా?