పాత ఐ5 లాప్‌టాప్: ముందు ఎస్‌ఎస్‌డీయా, ర్యామా?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారం. ఊరు శ్రీకాకుళం. 2018 లాప్‌టాప్, 15.6 అంగుళాలది. ఇంటెల్ ఐ5-8250యూ, 4 జీబీ డీడీఆర్4 ర్యామ్, 5400 ఆర్‌పీఎం 1 టీబీ హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, విండోస్ 10. ఆన్ చేశాక డెస్క్‌టాప్ రావడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే. పని ఫొటోషాప్‌లో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, అనూ ఫాంట్లతో టైపింగ్, పక్కన క్రోమ్‌లో పది పదిహేను ట్యాబులు.

రెండూ ఒకేసారి కొనే వీలు లేదు. ఏది ముందు? ఎలాంటి ఎస్‌ఎస్‌డీ? ఉన్న విండోస్‌ని అలాగే కొత్తదాంట్లోకి ఎక్కించొచ్చా, మళ్లీ మొదట్నుంచి వెయ్యాలా? డీవీడీ తీసేసి ఆ చోట పాత హార్డ్ డిస్క్ పెట్టొచ్చంటున్నారు, మంచిదేనా? విప్పడం నేనే చేస్తాను, భయం లేదు. ఎక్కడ తప్పు జరుగుతుందో చెప్తే చాలు.

గంటస్తంభం:

తమ్ముడూ, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద నడిచే డిస్క్) ముందు. కానీ ఈరోజే కొనెయ్యకు. ముందు అడుగు మూత విప్పి లోపల ఏముందో చూడు, మూత పెట్టెయ్యి, తర్వాత కొను. ఇందులో డబ్బులు పోయేది ఎక్కువగా ఈ వరస తప్పినప్పుడే.

ఎస్‌ఎస్‌డీ ఎందుకు ముందంటే, 4 జీబీ నిండిపోగానే విండోస్ మిగతాదాన్ని డిస్క్ మీద పెట్టి నడిపిస్తుంది. ఆ డిస్క్ 5400ది అయితే ప్రతి చిన్న ఫైలుకీ డిస్క్ చదివే ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరగాలి. వరసగా చదివితే సెకనుకు 100 ఎంబీ దాకా ఇచ్చే డిస్కే, చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే 1 ఎంబీ దగ్గర కూలబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ పేజీ తెరిచి యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూడు. వందల మిల్లీసెకండ్లు చూపిస్తే రోగం అదే. ఎస్‌ఎస్‌డీలో అది మామూలుగా ఒకటి రెండు మిల్లీసెకండ్లు దాటదు.

ఇక రకం. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, వేగం పేరు కాదు. అదే ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. ఈ రెండూ డిస్క్ బోర్డుతో మాట్లాడే పద్ధతుల పేర్లు. సాటాది సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. మూడో తరం ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళ్తుంది. సాటా ముక్కకి మామూలుగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటే గాటు. అయితే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ ముక్క పట్టినంత మాత్రాన పని చేస్తుందని కాదు. ఆ ఆకారంలోనే సాటా మాత్రమే తీసుకునే స్లాట్లు పాత లాప్‌టాప్‌ల్లో ఉన్నాయి. అడుగున అంటించిన స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబరు పట్టుకుని, తయారీ కంపెనీ ఇచ్చిన సర్వీస్ మాన్యువల్లో స్టోరేజ్ పేజీ చూడు. షాపులో "పడుతుందండీ" అన్న మాట మీద కొనకు.

వై-ఫై కార్డు కూడా ఎం.2 స్లాట్‌లోనే ఉంటుంది. అది పొట్టిది, రెండు సన్న యాంటెన్నా తీగలు తగిలి ఉంటాయి. దాన్ని చూసి ఎస్‌ఎస్‌డీ స్లాట్ అనుకోవద్దు. ఎస్‌ఎస్‌డీ కొలత ఎక్కువగా 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు.

ఎం.2 స్లాట్ లేకపోయినా దిగులు లేదు. ఇప్పుడున్న హార్డ్ డిస్క్ తీసి అదే చోట 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే సరి. పాత డిస్క్‌కి ఉన్న రేకు ఫ్రేమూ నాలుగు స్క్రూలూ కొత్తదానికే పనికొస్తాయి. నీ పనికి సాటాకీ ఎన్‌వీఎంఈకీ తేడా పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్‌కీ ఎస్‌ఎస్‌డీకీ ఉన్న తేడాయే అసలు తేడా. సైజు మాత్రం 500 జీబీకి తగ్గొద్దు.

బారువ_తీరం:

విప్పడం గురించి నాలుగు మాటలు.

సన్న స్టార్ స్క్రూడ్రైవర్, పీహెచ్0 సైజు కావాలి. పెద్దది పెడితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఏ డ్రైవరూ పట్టదు. డీవీడీ ఉన్న మోడళ్లలో ముందు డీవీడీని పట్టి ఉంచే ఒక్క స్క్రూ తీసి, డ్రైవ్‌ని పక్కకి లాగెయ్యాలి. చాలా వాటిలో ఆ ఖాళీలో రెండు మూడు చిన్న స్క్రూలు దాగి ఉంటాయి. రబ్బరు కాళ్ల కింద కూడా ఉండొచ్చు. అన్నీ తీశాననుకుని మూత లాగితే ప్లాస్టిక్ కొక్కేలు విరిగేది ఇక్కడే. మూత ఒకచోట మొండికేస్తే అక్కడింకా స్క్రూ ఉందని అర్థం. కొక్కేలు విడదియ్యడానికి పాత ఏటీఎం కార్డు చాలు, ఇనప వస్తువు వద్దు.

తెల్ల కాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి కన్నంలో బిగిస్తే అవతల కీబోర్డు వైపు ప్లాస్టిక్ ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డు పగులుతుంది.

మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యడం. తీగలు పట్టుకుని లాగొద్దు, కనెక్టర్‌ని రెండు వైపులా గోటితో కొద్దికొద్దిగా జరపాలి. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. బ్యాటరీ తగిలించి ఉండగా ర్యామ్ పీకితే బోర్డే పోవచ్చు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే, టచ్‌ప్యాడ్ పైకి లేచినా గుర్తు అదే, మిగతా పనంతా ఆపి ముందు అది మార్పించండి. నొక్కొద్దు, గుచ్చొద్దు.

మన తీరంలో ఇంకోటుంది. కళింగపట్నం, భావనపాడు, ఇటు బారువ వైపు ఉప్పుగాలికి కనెక్టర్లకి చిలుము పడుతుంది. ర్యామ్ తీసినప్పుడు దాని బంగారు పూత గీతల్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో ఒక్కసారి తుడవండి. శానిటైజర్ వాడొద్దు, దాంట్లో నీళ్లూ జిగురూ ఉంటాయి. ఫ్యాన్ రెక్కల దుమ్ము బ్రష్‌తో తీసేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

బొబ్బిలి_కోట:

విండోస్ సంగతి. 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. మీ 8250యూ విండోస్ 11 జాబితాలో ఉంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచే బోర్డు సెట్టింగులు) టీపీఎం అనే భద్రతా భాగం ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి, ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ అని ఉంటుంది.

నా సలహా కాపీ చెయ్యడం కాదు, కొత్తగా వెయ్యడం. మీది 1 టీబీ డిస్క్, కొనబోయేది 500 జీబీ. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చిన్న డిస్క్‌లోకి నేరుగా ఎక్కించదు. ముందు పార్టిషన్లు కుదించాలి, మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం పడుతుంది. అంతా చేస్తే ఏడేళ్ల చెత్త కూడా వెంట వస్తుంది.

8 జీబీ పెన్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మార్చినా పోదు, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. వై-ఫై డ్రైవర్ ముందే పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. లేదా ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ ఇవ్వండి.

ఒక్కటి బాగా గుర్తు పెట్టుకోండి: విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కనెక్టర్ తీసెయ్యాలి. రెండూ తగిలించి ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీలో పడుతుంది గానీ బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్లోకి పోయే ప్రమాదం ఉంది. బాగానే నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత పాత డిస్క్ తీసినా ఫార్మాట్ కొట్టినా లాప్‌టాప్ లేవదు, కారణం అప్పటికి తట్టదు.

డీవీడీ చోట డిస్క్ పెట్టాలంటే క్యాడీ (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రం) మందం 9.5 మిల్లీమీటర్లా 12.7నా అని కొలిచి కొనాలి. నా మాట అడిగితే అది పెట్టొద్దు. తిరిగే డిస్క్‌కి కుదుపు పడదు, బ్యాటరీ తింటుంది, వేడి పెంచుతుంది. యూఎస్‌బీ 3.0 కేసింగ్‌లో వేసి పాత పనుల బ్యాకప్‌కి వాడుకోండి.

గంటస్తంభం:

క్యాడీ విషయంలో బొబ్బిలి మాస్టారితో పూర్తిగా కలవలేను. ఫ్లెక్సీల పాత ఫైళ్లు వందల జీబీలుండి, లాప్‌టాప్ ఎప్పుడూ బల్ల మీదే ఉంటే క్యాడీ ఉపయోగమే. రోజూ సంచిలో వేసుకుని తిరిగేవాళ్లకి మాత్రం కేసింగే మేలు.

విప్పేలోగా ఒక పని చెయ్యి తమ్ముడూ. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (పాడైన చోట్లు, పాడైనట్టు అనుమానమున్న చోట్లు) సున్నా కాకపోతే వేరే ఏ పనీ మొదలెట్టకు, ముందు ఫైళ్లు బయటికి తీసుకో.

నాగావళి_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. విప్పి చూశాను. సెక్టార్లు రెండూ సున్నా. ర్యామ్ 4 జీబీ బోర్డుకే అతికి ఉంది, పక్కన ఒక ఖాళీ స్లాట్. వై-ఫైది కాకుండా ఎం.2 స్లాట్ ఉంది, 2280 పొడుగుకి చోటుంది. మాన్యువల్లో సాటా, ఎన్‌వీఎంఈ రెండూ రాశారు. కానీ చివర బిగించే స్క్రూ లేదు. బయోస్‌లో సాటా మోడ్ ఆర్‌ఎస్‌టీ అని ఉంది. బ్యాటరీ రిపోర్టులో డిజైన్ 41,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ చార్జ్ 23,500. టేప్ అంటించి బిగించేయొచ్చా?

గంటస్తంభం:

టేప్ వద్దు. ఎస్‌ఎస్‌డీ వేడెక్కితే జిగురు కరుగుతుంది, ముక్క పైకి లేచి కాంటాక్ట్ పోతుంది. కావల్సింది ఎం2 సైజు (2 మిల్లీమీటర్ల మందం, ఎం.2 స్లాట్ పేరు వేరు), 3 మిల్లీమీటర్ల పొడుగు స్క్రూ. మొబైల్, లాప్‌టాప్ రిపేరు షాపుల్లో పాత బోర్డులది అడిగినా ఇస్తారు. బోర్డు మీద మర ఉన్న ఇత్తడి బొడిపె ఉందో లేదో కూడా చూసుకో, అది లేకపోతే స్క్రూతోపాటు అదీ తెచ్చుకోవాలి. ఎస్‌ఎస్‌డీని 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి పూర్తిగా తోసి, తర్వాత చివరను కిందికి నొక్కి బిగించు. బంగారు గీతలు ఇంకా బాగా కనిపిస్తుంటే పూర్తిగా దిగలేదని అర్థం. స్క్రూ ఆగేదాకా తిప్పు చాలు, బలం వద్దు.

ఆర్‌ఎస్‌టీ అంటే డిస్క్‌ని ఇంటెల్ సొంత డ్రైవర్‌తో నడిపే మోడ్. అందులో విండోస్ ఇన్‌స్టాలర్‌కి కొన్నిసార్లు ఎన్‌వీఎంఈ కనిపించదు. కొత్తగా వేస్తున్నావు కాబట్టి ముందే బయోస్‌లో ఏహెచ్‌సీఐకి (మామూలు మోడ్) మార్చి మొదలుపెట్టు. పాత విండోస్‌ని అలాగే ఉంచి మోడ్ నేరుగా మారిస్తే నీలం తెర వస్తుంది. దానికి ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, సేఫ్ మోడ్ వచ్చాక టిక్ తీసెయ్యాలి.

కొన్నది డబ్బాలోంచి తియ్యగానే బిల్లు మీద సీరియల్ నంబరు ఉందా, అదే నంబరు ఎస్‌ఎస్‌డీ మీద ఉందా చూడు. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పవర్ ఆన్ అవర్స్ చూడు. కొత్తదైతే సున్నా గానీ ఒకటి రెండు గానీ ఉండాలి. వందల్లో ఉంటే వాడేసిన సరుకు, అదే రోజు తిరిగిచ్చెయ్.

బొబ్బిలి_కోట:

బ్యాటరీ లెక్క వేస్తే 57 శాతం మిగిలింది. రెండు గంటల పనికి సరిపోతే ఇప్పుడు మార్చనక్కర్లేదు. కానీ బయోస్ అప్‌డేట్ చేస్తే చార్జర్ పెట్టి, బ్యాటరీ సగం పైన ఉన్నప్పుడే చెయ్యండి. గాలివాన రోజున అసలు వద్దు.

పాతదాంట్లోంచి తీసేముందు అనూ స్క్రిప్ట్ మేనేజర్ సెటప్, దాని లైసెన్స్ వివరాలు, మీరు వాడే కీబోర్డు లేఔట్, ఫాంట్ల ఫోల్డర్ నాలుగూ విడిగా కాపీ చేసుకోండి. కొత్త విండోస్‌లో అవి లేకపోతే పాత పెళ్లి కార్డు ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని కంగారు పడి సేవ్ చెయ్యొద్దు.

గంటస్తంభం:

ర్యామ్ కూడా ఎక్కువ రోజులు వాయిదా వెయ్యకు. 10 అడుగులు ఇంటూ 8 అడుగుల ఫ్లెక్సీని 72 రిజల్యూషన్, సీఎంవైకేలో తెరిస్తే ఒక్క నిండు లేయరే దాదాపు 240 ఎంబీ. పది లేయర్లంటే 2.4 జీబీ, నీ దగ్గరున్నది మొత్తం 4. ఇప్పటి ఫొటోషాప్‌కి అడోబీ చెప్పే కనీసమే 8 జీబీ.

కొనాల్సింది డీడీఆర్4 సోడిమ్ (లాప్‌టాప్‌లో పట్టే పొట్టి ర్యామ్), 260 పిన్నులది, 1.2 వోల్టులది. డీడీఆర్3ఎల్ గానీ డీడీఆర్5 గానీ గాటు తేడా వల్ల దిగవు, బలవంతం చెయ్యకు. 3200ది దొరికితే 3200దే తీసుకో, ఈ ప్రాసెసర్ దాన్ని 2400 మీద నడిపిస్తుంది. 8 జీబీ వేస్తే మొత్తం 12. అందులో 8 జీబీ దాకా డ్యూయల్ చానెల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పని చేస్తాయి, వేగం ఎక్కువ), పైన 4 సింగిల్. సైజులు కలవలేదని 4 జీబీది కొనొద్దు, నీ పనికి ఎక్కువ ర్యామే లాభం. వేశాక మొదటిసారి ఆన్ చేస్తే అర నిమిషం నల్ల తెరే ఉండొచ్చు, కంగారు పడి ఆపెయ్యకు. రెండు నిమిషాలైనా రాకపోతే బ్యాటరీ కనెక్టర్ తీసి, ర్యామ్ మళ్లీ రెండు వైపులా కొక్కేలు టక్‌మనేదాకా నొక్కు.

ర్యామ్ వేసేదాకా ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ని (ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే చోటు) ఎస్‌ఎస్‌డీకే పెట్టు, దాంట్లో 80 నుంచి 100 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచు.