అప్‌డేట్: డాక్టర్ రియూ రాయి కాదు, నేనే సరిగ్గా చదవలేదు

ఫ్రెంచ్ రచయిత కామూ 1947లో ప్రచురించిన 'ప్లేగు' నవల గురించి పోయినసారి ఇక్కడ అడిగాను: డాక్టర్ రియూ కథానాయకుడైతే, ప్లేగు వల్ల మూసేసిన అల్జీరియా నగరం ఒరాన్ నుంచి పారిపోవాలని చూసే విలేకరి రాంబేర్‌కు అన్ని పేజీలెందుకని. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మళ్లీ చదవమన్నారు. చదివాను.

రాంబేర్ మనసులో ఏముందో అంతా బయటికి చెప్పేస్తాడు. ప్యారిస్‌లో ఉన్న ప్రియురాలి దగ్గరికి వెళ్లాలి, వ్యాధి లేదని సర్టిఫికెట్ ఇవ్వమంటాడు. రియూ ఇవ్వడు. మీకు మనుషుల బాధ అర్థం కాదని రాంబేర్ నిష్ఠూరమాడినా, రియూ తన సంగతి ఒక్క ముక్క చెప్పడు. అప్పుడు నేనూ రాంబేర్ పక్షమే.

తర్వాత ఆ చిన్న సన్నివేశం. రియూ గదిలోంచి వెళ్లిపోయాక, అతని స్నేహితుడు తారూ గుమ్మం దగ్గర ఆగి రాంబేర్‌కు చెబుతాడు: డాక్టర్ గారి భార్య ఊరికి దూరంగా శానటోరియంలో ఉంది. మర్నాడు పొద్దున్నే రాంబేర్ ఫోన్ చేసి, దారి దొరికేదాకా మీతో పనిచేస్తానంటాడు.

రియూ భార్యను రైలెక్కించిన సంగతి మొదట్లోనే చదివాను, కానీ మర్చిపోయాను! రాంబేర్ అరిచి చెప్పిన ఎడబాటే రియూ లోపలా ఉందని అక్కడే తట్టింది. పైగా రాంబేర్ వెళ్లిపోతానంటే రియూ ఒక్కసారీ తప్పుపట్టడు. సుఖాన్ని కోరుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదంటాడు. ఆ మాట ఇప్పుడు గుండెలో గుచ్చుకుంది.

చివర్లో రాంబేర్ ప్రియురాలు రైలు దిగుతుంది. రియూకి మాత్రం భార్య చనిపోయిందని టెలిగ్రామ్ వస్తుంది.