పక్కవాళ్ళు ఏడుస్తుంటే ఆటిజం ఉన్న పిల్లలకు పట్టదా? - చర్చ

నీలిగోరింట:
తరగతిలో ఎవరైనా ఏడిస్తే ఆటిజం ఉన్న పిల్లలు చెవులు మూసుకుని దూరంగా పోతారు, ఒక్కోసారి నవ్వుతారు. "వీడికి జాలి లేదు" అని టీచర్లు తేల్చేస్తారు. ఆరేడేళ్ళ పిల్లలకు ఇంట్లో ఏం నేర్పొచ్చు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

ప్రత్యేకవిద్య_కర్నూలు:
ఆ మాట ముందు పక్కన పెట్టేద్దామండి. ఎదుటివాళ్ళ బాధకు స్పందించాలంటే అది కంటపడాలి, ఎందుకో అర్థం కావాలి, మనసుకు తగలాలి, ఆపైన ఏం చెయ్యాలో తెలియాలి. ఆటిజంలో ఎక్కువగా చిక్కుపడేది అర్థం కావడం దగ్గర, ఏం చెయ్యాలో తోచకపోవడం దగ్గర. మనసుకు తగలడం చాలామందిలో బాగానే ఉంటుంది, కొందరికి తట్టుకోలేనంత తగులుతుంది. చెవులు మూసుకునే పిల్లకు ఆ ఏడుపు శబ్దమే భరించలేనిది కావచ్చు. నవ్వు కూడా చాలాసార్లు కంగారులో వచ్చేదే.

ఆ సమయంలో ముందు నాలుగైదు అడుగులు దూరం తీసుకెళ్ళండి. శబ్దం తగ్గితేనే మన మాట చెవికెక్కుతుంది. తర్వాత పొట్టి వాక్యాల్లో కారణం చెప్పండి: "చిన్నూ పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది. మండుతోంది. అందుకే ఏడుస్తున్నాడు." చెప్పి, మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. చాలామంది తప్పేది ఇక్కడే. పిల్లలు మొదటి మాటను ఇంకా అర్థం చేసుకుంటుండగానే మనం అదే విషయం వేరే మాటల్లో చెప్తాం, వాళ్ళు మళ్ళీ మొదటికి వస్తారు. ఆ తర్వాత చేతికి ఒక పని ఇవ్వండి: నీళ్ళ సీసా అందించడం, టీచర్‌ని పిలవడం. "ఓదార్చు" అంటే ఏం చెయ్యాలో వాళ్ళకు తెలీదు. "ఈ సీసా చిన్నూకివ్వు" అంటే తెలుస్తుంది.

మాటతీరు:
స్పీచ్ థెరపీ వైపు నుంచి రెండు మాటలు. "సారీ చెప్పు" అని బలవంతపెడితే, కొట్టాక సారీ అంటే లెక్క సరిపోయిందనే నేర్చుకుంటారు. భావాలు నేర్పే ముఖాల బొమ్మల కార్డులూ అంతే. వాటిలో ఏడుపంటే బొట్లు బొట్లుగా కన్నీళ్ళు, కోపమంటే ఎర్రటి మొహం. ఇంట్లో అమ్మ కోపంగా ఉన్నప్పుడు అలా ఉండదు కదా, మాట తగ్గించేస్తుంది, గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఇంట్లోవాళ్ళ ఫోటోలే వాడండి. ఫోటోతోపాటు ఏం జరిగిందో కూడా చెప్పండి. "కళ్ళలోకి చూడు" అనడం మానేయండి. కొందరు కళ్ళలోకి చూస్తే మాట వినలేరు, ఏదో ఒకటే కుదురుతుంది.

గుండ్లకమ్మ:
ఎదుటివాళ్ళు ఏమనుకుంటున్నారో పిల్లలు ఊహించగలరా అని బొమ్మలతో చూసే శాలీ-యాన్ పరీక్ష ఇంట్లో చేసి చూడొచ్చా?

మాటతీరు:
చేయొచ్చు గానీ దాంతో నిర్ధారణ చేయకూడదు. రెండు బొమ్మలు, మూతలున్న రెండు డబ్బాలు, ఒక బొత్తాం చాలు. మొదటి బొమ్మ ఒక డబ్బాలో బొత్తాం పెట్టి బయటికెళ్తుంది. రెండో బొమ్మ దాన్ని ఇంకో డబ్బాలోకి మారుస్తుంది. మొదటి బొమ్మ తిరిగొచ్చాక ఎక్కడ వెతుకుతుంది? తను పెట్టిన డబ్బాలోనే అని చెప్తే దాటినట్టు. దాంతోపాటు "ముందు ఎక్కడుండేది, ఇప్పుడెక్కడుంది" అని కూడా అడగాలి. ఆ రెండూ చెప్పలేకపోతే చిక్కు జ్ఞాపకంలోనో భాషలోనో ఉన్నట్టు. బొత్తాం బదులు చాక్లెట్ పెడితే పరీక్ష చెడిపోతుంది, పిల్లలు తమకు కావలసినదాన్నే చూపిస్తారు. మామూలుగా నాలుగేళ్ళ ప్రాంతంలో దీన్ని దాటుతారు. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేసిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది దాటలేదు. నలుగురు దాటారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు! పైగా అది చూసేది ఎదుటివాళ్ళు ఏమనుకుంటున్నారో ఊహించడాన్ని. జాలిని కాదు.

దారిపక్కచెట్టు:
ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ తరఫున రాస్తున్నాను. అర్థం కాకపోవడం ఒకవైపుదే కాదు. ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో రాసింది ఇదే: మా లోపల ఏముందో మీకూ అంతుపట్టదు. 2020లో ఎడిన్‌బరో బృందం ఎనిమిదేసి మందిని వరుసగా పెట్టి కథ ఒకరి నుంచి ఒకరికి చెప్పించింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళైన వరుసలో కథ బాగానే చేరింది, ఆటిజం ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కలగలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది.

ప్రత్యేకవిద్య_కర్నూలు:
దానికొక చేర్పు. 2025లో 300 మందికి పైగా మనుషులతో మళ్ళీ చేసినప్పుడు కలగలిపిన వరుసలూ వెనకబడలేదు. కాబట్టి "ఆటిజం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిస్తే మాట చేరదు" అనేంత దూరం వెళ్ళొద్దు. ఆటిజం ఉన్నవాళ్ళ మధ్య మాట బాగానే సాగుతుందన్నది మాత్రం రెండింటిలోనూ నిలిచింది.

దారిపక్కచెట్టు:
మంచి సవరణ, ఒప్పుకుంటాను. ఇంకొకటి. ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి అలెక్సితీమియా ఉంటుంది, అంటే తమలో కలిగే భావమేమిటో పట్టుకోలేకపోవడం. మొద్దుబారినట్టు కనిపించేది చాలావరకు దాని వల్లే. వీళ్ళను "ఎలా ఉంది?" అని అడిగితే జవాబు రాదు. "గుండె దడగా ఉందా, చేతులు చల్లబడ్డాయా, కడుపు బిగిసిందా" అని శరీరం నుంచి అడగండి.

పరామర్శల సంగతి కూడా విడిగా నేర్పాలి. చావు ఇంట్లో ఏం చెయ్యాలో మనవాళ్ళు ఎవరూ నోటితో చెప్పరు, చూసి తెలుసుకోవాల్సిందే. ఆటిజం ఉన్న యువకుడు నిజంగా బాధపడుతూనే "ఏ మందు వాడారు, ఎన్ని గంటలకు పోయారు" అని అడిగేస్తాడు. ముందురోజే చెప్పండి: వెళ్ళి కూర్చోవాలి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు, కారణం అడగొద్దు, లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. ఎంతసేపు కూర్చోవాలో కూడా చెప్పాలి, లేకపోతే లేవడం ఎప్పుడో తెలియక నలిగిపోతాడు.

నీలిగోరింట:
చాలా ఉపయోగపడిందండి. మరి టీచర్‌కు ఎలా చెప్పాలి?

ప్రత్యేకవిద్య_కర్నూలు:
అరపేజీ కాగితం చాలు, ఉపన్యాసం వద్దు. శబ్దం ఎక్కువైతే చెవులు మూసుకుంటుంది, తిట్టొద్దు. కారణం పొట్టి వాక్యాల్లో చెప్పి పది లెక్కపెట్టండి. ఒక పని ఇవ్వండి. పిల్లలందరి ముందు సారీ చెప్పించొద్దు. ఆటపాటల పీరియడ్‌లో ముందు మొదలుపెట్టొద్దు, అక్కడ అంతా వేగంగా జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలే ఉండే డ్రాయింగ్ బల్ల దగ్గర మొదలుపెడితే పట్టుకుంటుంది.